రెండు రిజిస్టర్ల మధ్య ఒక కోబాల్ట్ సోర్స్: కేస్ స్టడీ

2018 నవంబరులో ఒక మధ్యాహ్నం స్టోర్స్ గుమాస్తా వచ్చి నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టి సంతకం కావాలన్నాడు. పాత బ్లాకు కూల్చే ముందు అందులోని పనికిరాని సామాను వేలం వెయ్యడానికి తయారుచేసిన జాబితా అది. విరిగిన మంచాలు, తుప్పు పట్టిన స్టెరిలైజర్లు, రెండు జనరేటర్లు, ఊడబీకిన ఏసీలు. పదిహేడో వరుసలో ఇలా ఉంది: "పాత కరెంటు మిషను - 1 - ఇనుము, సీసం."

కేన్సర్ రోగులు రేడియేషన్ చికిత్సను 'కరెంటు పెట్టించుకోవడం' అంటారు. ఆ మాటే స్టోర్స్ రిజిస్టర్లోకి ఎక్కింది. అసలు పేరు కోబాల్ట్ టెలిథెరపీ యూనిట్, అంటే ఒంటి బయటి నుంచి గడ్డ మీదికి రేడియేషన్ పంపే యంత్రం. దాని హెడ్‌లో ఆ రోజుకి సుమారు 3,000 క్యూరీల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) కోబాల్ట్-60 ఉంది. రేడియేషన్ ఇచ్చే ఆ పదార్థాన్నే మేము సోర్స్ అంటాం.

మెడికల్ ఫిజిసిస్ట్‌గా, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ (ఆర్‌ఎస్‌ఓ)గా నేను ఆ ఆసుపత్రిలో చేరి అప్పటికి ఐదు వారాలే. పాత యూనిట్ ఉందని తెలుసు. దాన్ని వెనక్కి పంపే పని నడుస్తోందని కూడా చెప్పారు. ఫైలు తెరిచి చూస్తే ఆ పని మొదలే కాలేదు.

ఈ కేసును మన రంగంలో ఉన్నవాళ్ళ కోసం, ముఖ్యంగా చిన్న ఆసుపత్రుల్లో ఒంటరిగా ఈ బాధ్యత మోస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ఆసుపత్రి పేరు, ఊరు చెప్పను. తాళాల రకాలు, అలారం ఎక్కడ పెట్టాం, రవాణా దారి ఏది అనే వివరాలు కావాలనే వదిలేశాను. వాటి అవసరం లేకుండానే విషయం అర్థమవుతుంది.

సోర్స్ వివరాలు

2008 మొదట్లో దాదాపు 12,000 క్యూరీల సోర్స్ వేశారు. ఇంకో ప్రమాణంలో చెబితే 444 టెరాబెక్వెరెల్. 2015 జులైలో కరెంటుతోనే రేడియేషన్ పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్ రావడంతో దీని మీద చికిత్స ఆపేశారు. కోబాల్ట్-60 అర్ధాయువు, అంటే దాని బలం సగానికి తగ్గే కాలం, 5.27 ఏళ్ళు. నేను చూసేనాటికి రెండు అర్ధాయువులు గడిచాయి కాబట్టి మిగిలింది నాలుగో వంతు, దాదాపు 111 టెరాబెక్వెరెల్.

"నాలుగో వంతేగా మిగిలింది, ఇంకొన్నాళ్ళు ఆగితే అదే పోతుంది" అన్న మాట నేను చాలా చోట్ల విన్నాను. ఈ ఆసుపత్రిలోనూ ఒక పెద్ద డాక్టరు గారు అదే అన్నారు. అందుకే ఆయన ముందే లెక్క వేసి చూపించాను. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సోర్స్‌లను అయిదు కేటగిరీలుగా విడదీస్తుంది. దానికి ఆధారం 'డి' విలువ. అదుపు తప్పితే మనిషికి తీవ్రమైన హాని చేయగల పరిమాణం అది. కోబాల్ట్-60కి ఇది 0.03 టెరాబెక్వెరెల్. సోర్స్ బలం దీనికి వెయ్యి రెట్లు, అంతకు మించి ఉంటే కేటగిరీ-1. మాది 3,700 రెట్లు. కేటగిరీ-1 నుంచి దిగడానికే 2028 దాకా ఆగాలి. 'డి' విలువ కిందికి రావడానికి సోర్స్ వేసిన రోజు నుంచి డెబ్బై ఏళ్ళు దాటాలి. ఆ బ్లాకును ముప్ఫై ఏళ్ళు నిండకుండానే కూల్చేస్తున్నారు.

ఎందుకు అంత కంగారు పడ్డాను

ఆ కాగితం చూడగానే నాకు మాయాపురి గుర్తొచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీలోని ఒక విశ్వవిద్యాలయం పాత సామాను వేలం వేసింది. అందులో ఒక గామా ఇర్రేడియేటర్, అంటే వస్తువుల మీద రేడియేషన్ ప్రసరింపజేసే యంత్రం, ఉంది. 1960ల చివర్లో కెనడా నుంచి తెచ్చిన ఆ యంత్రాన్ని 1985 తర్వాత ఎవరూ వాడలేదు. తెలిసినవాళ్ళు రిటైరైపోయారు. గదిలో అది ఒక బరువైన పెట్టెగా మిగిలింది. మాయాపురి తుక్కు దుకాణాలకు చేరాక సీసం కోసం దాన్ని విప్పారు. లోపలి కోబాల్ట్ ముక్కలు బయటికొచ్చాయి. ఏప్రిల్‌లో మనుషులు జబ్బుపడితే గానీ సంగతి బయటపడలేదు. ఒకరు చనిపోయారు, మరికొందరు రేడియేషన్ గాయాలతో ఆసుపత్రుల్లో చేరారు. అణు ప్రమాదాల తీవ్రతను కొలిచే అంతర్జాతీయ కొలబద్ద మీద దాన్ని నాలుగో స్థాయి ప్రమాదంగా లెక్కించారు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. 1985 చివర్లో బ్రెజిల్‌లోని గోయానియాలో ఒక రేడియోథెరపీ క్లినిక్ చోటు మారుతూ సీజియం-137 యూనిట్‌ను పాత భవనంలోనే వదిలేసి వెళ్ళింది. 1987 సెప్టెంబరులో ఇద్దరు దాన్ని విప్పి తుక్కుకి అమ్మారు. చీకట్లో నీలంగా వెలిగే ఆ పొడిని చూసి ముచ్చటపడి ఇళ్ళకు పంచుకున్నారు. నలుగురు చనిపోయారు, 249 మందికి కాలుష్యం అంటింది, లక్షకు పైగా జనాన్ని పరీక్షించాల్సి వచ్చింది. 2000లో థాయ్‌లాండ్‌లోని సముత్ ప్రకాన్‌లో వాడకం ఆగిన టెలిథెరపీ హెడ్‌లను కాపలా సరిగా లేని పార్కింగ్ స్థలంలో ఉంచారు. వాటిలో ఒకదాన్ని ఎవరో తుక్కు కోసం తీసుకెళ్ళారు. ముగ్గురు చనిపోయారు.

మూడు దేశాలు, మూడు రకాల యంత్రాలు. మూడింట్లోనూ సోర్స్ వాడకంలో ఉన్నంతకాలం ఏమీ కాలేదు. రోజూ రోగులు, టెక్నీషియన్లు, ఫిజిసిస్టులు చుట్టూ తిరుగుతున్నప్పుడు దానికి వేరే కాపలా అక్కర్లేదు. పని అయిపోయిన రోజు నుంచే దానికి దిక్కు లేకుండా పోతుంది. రేడియోధార్మిక పదార్థాల దొంగతనం అనగానే అందరూ డర్టీ బాంబు (పేలుడుతో రేడియోధార్మిక పదార్థాన్ని వెదజల్లే బాంబు) గురించి, తీవ్రవాదుల గురించి మాట్లాడతారు. ఆ భయం ఉత్తది కాదు. 1995లో చెచెన్ వేర్పాటువాదులు మాస్కోలోని ఇజ్మైలోవో పార్కులో సీజియం ఉన్న పొట్లం పెట్టి టీవీ వాళ్ళకు కబురు చేశారు. కానీ ఆచరణలో మన తలుపు దాకా వచ్చేవాడు ఎక్కువగా లోహం కోసం వచ్చినవాడే. రేడియేషన్ కావాల్సినవాడైనా సీసం కావాల్సినవాడైనా వచ్చేది ఒకే తలుపు దగ్గరికి. ఆ తలుపు గట్టిగా ఉంటే ఇద్దరినీ ఆపుతుంది.

మొదటి మూడు రోజులు

జాబితా మీద సంతకం పెట్టలేదు. అప్పటికప్పుడు సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్ళి నోటితో చెప్పాను, గంటలో రాసి ఇచ్చాను. నోటి మాట మీద ఆగిన పని ఇంకో నోటి మాట మీద మళ్ళీ మొదలవుతుంది కాబట్టి రాసివ్వడం చాలా ముఖ్యం. ఆమె రెండు ప్రశ్నలు అడిగారు. "అది ఇప్పుడు లోపలే ఉందా? ఉందని మీరు ఎలా చెప్పగలరు?"

నిజానికి నేను మొదట తేల్చుకోవాల్సింది అదే. రిజిస్టర్లో ఉన్నంత మాత్రాన గదిలో ఉన్నట్టు కాదు. 2015లో చికిత్స ఆపిన రోజున హెడ్ చుట్టూ తీసిన లీకేజీ కొలతలు, అంటే కవచం దాటి బయటికొచ్చే కాస్త రేడియేషన్ లెక్కలు, లాగ్ బుక్‌లో ఉన్నాయి. పాత ఆర్‌ఎస్‌ఓ ఎవరో నాకు తెలియదు గానీ, ఆయన చక్కటి బొమ్మ వేసి ఏ బిందువు దగ్గర ఎంత వచ్చిందో రాసిపెట్టారు. ఆ కొలతలు లేకపోతే మా పని ఎంతో కష్టమయ్యేది. మూడు సంవత్సరాల నాలుగు నెలల తర్వాత అవే బిందువుల దగ్గర 65 శాతం చొప్పున రావాలి. క్యాలిబ్రేట్ చేసిన సర్వే మీటర్‌తో కొలిస్తే ప్రతిచోటా దానికి దగ్గరగానే వచ్చింది. కొలిమేటర్ (కిరణాలు బయటికొచ్చే ద్వారం) దగ్గర దూదితో తుడిచి కాలుష్యం ఉందేమో చూశాం, లేదు. సోర్స్ దాని స్థానంలో, దాని కవచంలో ఉంది. ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది.

మరుసటి రోజు నుంచి గదిని దొంగ కళ్ళతో చూడడం మొదలుపెట్టాం. మేము అంటే నేను, భద్రతా సూపర్‌వైజరు, ఒక ఎలక్ట్రీషియన్. గోడలు రేడియేషన్‌ని ఆపడానికి కట్టిన మందపాటి కాంక్రీటువి కాబట్టి వాటితో భయం లేదు. బలహీనతలన్నీ మనుషుల దగ్గరే కనిపించాయి. తలుపు తాళంచెవులు మొదట మూడు ఉండేవట, ఇప్పుడు రెండే ఉన్నాయి. ఒకటి ఏసీ మెకానిక్ దగ్గర దొరికింది. "ఆ గదిలోంచే పైపులు పోతాయి సార్, అప్పుడెప్పుడో ఇచ్చారు, మళ్ళీ ఎవరూ అడగలేదు" అన్నాడతను. అందులో అతని తప్పేమీ లేదు. మూడో తాళంచెవి ఏమైందో ఎవరికీ తెలియదు. కెమెరా ఉంది కానీ రికార్డు కావడం లేదు. తలుపు అలారం ఊరికే మోగుతోందని ఎప్పుడో తీసేశారు. గదిలోని జోన్ మానిటర్, అంటే రేడియేషన్ పెరిగితే మోగే పరికరం, పనిచేస్తోంది, కానీ దాని శబ్దం వినేవాళ్ళు ఆ బ్లాకులో లేరు.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది రాత్రి కాపలాదారు మాట. వయసులో నాకంటే చాలా పెద్దవాడు. "రౌండ్స్‌లో ఆ వైపు ఎందుకు వెళ్ళడం లేదన్నా?" అని అడిగితే, "ఆ గది దగ్గరికి పోతే మనిషి పాడైపోతాడంట కదా సార్. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అందుకే అటు పోం" అన్నాడు. ఏళ్ళ తరబడి తలుపు మీద హెచ్చరిక బోర్డు పెట్టి, జీతమిచ్చి పెట్టుకున్న మనిషికి మాత్రం అది ఏమిటో చెప్పలేదు. బోర్డు చూసి భయపడింది కాపలావాడు ఒక్కడే. సీసం కోసం వచ్చేవాడు బోర్డు చదవడు.

ఆ సాయంత్రమే అతన్ని, మిగిలిన ఏడుగురు గార్డులను ఆ గది బయట నిలబెట్టి, సర్వే మీటర్ వాళ్ళ చేతికే ఇచ్చాను. తలుపు దగ్గర మామూలు నేపథ్య స్థాయికి మించి ముల్లు కదలదని వాళ్ళే చూశారు. మొత్తం కేసులో ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చిన పని అదేనని ఇప్పటికీ నా నమ్మకం.

రెండు రిజిస్టర్లు

ఇంత పెద్ద సోర్స్ ప్రభుత్వం కళ్ళు కప్పి ఉండలేదు. అణుశక్తి నియంత్రణ మండలి, మనందరం ఏఈఆర్‌బీ అని పిలిచే సంస్థ, దీనికి లైసెన్సు ఇచ్చింది. 1962 అణుశక్తి చట్టం కింద వచ్చిన 2004 రేడియేషన్ రక్షణ నియమాలు లైసెన్సుదారు, యజమాని, ఆర్‌ఎస్‌ఓ ఎవరెవరు దేనికి జవాబుదారో అప్పటికే స్పష్టంగా చెప్పాయి. 2011లో ఏఈఆర్‌బీ సోర్స్‌ల భద్రతపై విడిగా ఒక గైడ్ తెచ్చింది. 2013లో మొదలైన ఈ-లోరా అనే ఆన్‌లైన్ లైసెన్సు వ్యవస్థలో మా సోర్స్ నంబరు, వేసిన తేదీ, బలం అన్నీ ఉన్నాయి. సోర్స్ ఎక్కడ ఉందో ఢిల్లీలోనైనా ముంబయిలోనైనా కూర్చుని చెప్పగలిగే స్థాయికి మన ప్రభుత్వ రికార్డు వచ్చింది. మాయాపురి నాటి ఇర్రేడియేటర్‌కి ఈ రక్షణ లేదు. ఆ తేడాను తక్కువ చేసి చూడకూడదు.

అయితే ప్రభుత్వ రిజిస్టర్లో కేటగిరీ-1 సోర్స్ అయినది ఆసుపత్రి స్టోర్స్ రిజిస్టర్లో ఇనుము, సీసం. ఈ రెండు రిజిస్టర్లూ ఎక్కడా కలవవు. మొదటిది ఆర్‌ఎస్‌ఓ చేతిలో ఉంటుంది, రెండోది స్టోర్స్ వాళ్ళ చేతిలో. పాత ఆర్‌ఎస్‌ఓ వెళ్ళిపోయాక నేను వచ్చేలోగా కొన్ని వారాలు మొదటి రిజిస్టర్ తెరిచేవాళ్ళే లేరు. ఆ కొన్ని వారాల్లోనే రెండో రిజిస్టర్ తన పని తాను చేసుకుపోయింది. ఎవరూ దురుద్దేశంతో చెయ్యలేదు. వేలం జాబితా తయారుచేసిన గుమాస్తా తన ఉద్యోగం సక్రమంగా చేశాడు. నా సంతకం కోసం వచ్చింది కూడా నిబంధన ఉండి కాదు, "గది మీద మీ బోర్డు ఉంది కదా సార్, అడుగుదామని వచ్చాను" అన్నాడు. అతని ఆ ఇంగితమే లేకపోతే ఈ కేస్ స్టడీ వేరే ఎవరో వేరే విధంగా రాయాల్సి వచ్చేది.

తెలుగులో సేఫ్టీకీ సెక్యూరిటీకీ ఒకే మాట వాడతాం: భద్రత. ఈ రంగంలో రెండూ వేరు. మొదటిది సోర్స్ నుంచి మనిషిని కాపాడడం, రెండోది మనిషి నుంచి సోర్స్‌ను కాపాడడం. కొన్నిసార్లు ఇవి ఒకదానితో ఒకటి గొడవపడతాయి కూడా. సేఫ్టీ కోసం తలుపు మీద రేడియేషన్ గుర్తు ఉండాల్సిందే. సెక్యూరిటీ కోసం మాత్రం గేటు దగ్గర నుంచి 'కోబాల్ట్ గది ఇటు' అని బాణం గుర్తులు ఉండకూడదు. మా ఆసుపత్రిలో రోగుల కోసం పెట్టిన పాత బాణాలు అలాగే ఉన్నాయి. బాణాలు తీయించి తలుపు గుర్తును ఉంచాం. మూడు రెక్కల గుర్తు సామాన్యుడికి ప్రమాదంగా అర్థం కాదని గుర్తించే 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఐఎస్‌ఓ కలిసి ఇంకో గుర్తు తెచ్చాయి. ఎర్ర త్రికోణంలో కిరణాలు, పుర్రె, పరుగెత్తుతున్న మనిషి ఉంటాయి. దాన్ని గది తలుపుల మీద కాక, సోర్స్ ఉన్న పరికరం మీద, విప్పబోయేవాడికి కనిపించే చోట వెయ్యాలి. మా హెడ్ మీద లేదు. వేయించాం.

పంపేలోగా కాపాడడం

సోర్స్‌ను వెనక్కి పంపడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నిజమైన పని ఆ పద్నాలుగు నెలల్లోనే ఉంది.

భద్రత గురించి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది క్లుప్తంగా ఇంతే. ఎవరైనా వస్తే తెలియాలి, తెలిశాక వాళ్ళను లోపలికి పోనివ్వకుండా కాసేపు ఆపాలి, ఆ ఆలస్యంలోపు సాయం చేరాలి. ఈ మూడింట్లో ఏది తగ్గినా మిగతా రెండూ వృథా. ఎంత గట్టి తలుపైనా రాత్రంతా టైమిస్తే తెరుచుకుంటుంది. ఎంత మంచి అలారమైనా వినేవాడు లేకపోతే గోడకు తగిలించిన డబ్బా. అందుకే మేము తలుపు కొనడంతో మొదలుపెట్టలేదు. సాయం ఎంతసేపట్లో వస్తుందో ముందు కొలిచాం.

దగ్గరి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఇన్‌స్పెక్టర్ గారిని కలిశాను. ఆయన మొదటి ప్రశ్న, "ఇది పేలుతుందా?" పేలదు అని, ఎందుకు పేలదో చెప్పాను. రెండో ప్రశ్న, "మరి మా వాళ్ళు వెళ్తే వాళ్ళకేమైనా అవుతుందా?" అది న్యాయమైన ప్రశ్న. కవచంలో ఉన్నంతవరకు ఏమీ కాదు, కవచం బయట ఉంటే దగ్గరికే వెళ్ళకూడదు, ఆ తేడా మీటర్ చెబుతుంది అని చెప్పి, ఆయన సిబ్బందిని గదికి తీసుకొచ్చి చూపించాను. స్టేషన్‌లో ఒక పేజీ కాగితం పెట్టాం. ఏం జరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎంత దూరంలో ఆగాలి, దేన్ని ముట్టుకోకూడదు, అంతే. ఇంకా ఎక్కువ రాస్తే అర్ధరాత్రి ఎవరూ చదవరు.

మొదటి డ్రిల్ ఘోరంగా జరిగింది. అలారం మోగి పోలీసులు వచ్చేసరికి 26 నిమిషాలు. కారణం వెతికితే గార్డు గది గోడ మీద అంటించిన స్టేషన్ నంబరు ఎప్పుడో మారిపోయిన ల్యాండ్‌లైన్‌ది. రెండో డ్రిల్‌లో 14 నిమిషాలు. మూడోసారికి 9. అప్పుడు తలుపు సంగతి చూశాం. తొమ్మిది నిమిషాలకు ఇంకా అంత కలుపుకుని, అంతసేపు ఆపగలిగే ఏర్పాటు చేయించాం. రెండు తాళాలు, ఇద్దరు మనుషులు. ఒకరు లేకుండా ఇంకొకరు తెరవలేరు. తాళంచెవి తీసుకున్న ప్రతిసారీ సంతకం. వాళ్ళలో నేనొకణ్ణి కాబట్టి ఈ నియమం నా మీద కూడా నమ్మకం పెట్టదు. అలాగే ఉండాలి. లోపలి మనిషి సాయంతో జరిగే దొంగతనాన్ని తాళం ఆపలేదు, ఇద్దరుండాలన్న నియమమే కొంతైనా ఆపుతుంది.

ప్రతి సోమవారం లీకేజీ కొలత తీసి రాయడం కూడా పెట్టుకున్నాం. కొలతలో సోర్స్ తన జాడ తానే చెప్పుకుంటుంది. గదికి వెళ్ళిన సాకుతో తలుపు, సీలు, కెమెరా కూడా ఒకసారి చూసినట్టవుతుంది.

డబ్బు, అనుమతులు

ఆలస్యానికి ఏఈఆర్‌బీ కారణం కాదు. డీకమిషనింగ్ (యంత్రాన్ని శాశ్వతంగా వాడకం నుంచి తప్పించడం) అనుమతి కోసం దరఖాస్తు పెట్టిన దగ్గర నుంచి వాళ్ళ వైపు పని సాఫీగానే నడిచింది. వాళ్ళు అడిగిన ప్రశ్నలు మాకు మంచే చేశాయి. సోర్స్ సరఫరా చేసిన బ్రిట్, అంటే అణుశక్తి విభాగం కింది బోర్డ్ ఆఫ్ రేడియేషన్ అండ్ ఐసోటోప్ టెక్నాలజీ, దాన్ని తిరిగి తీసుకోవడానికి ఒప్పుకుంది. దిగుమతి చేసుకున్న సోర్స్‌ల విషయంలోనూ సరఫరాదారు వెనక్కి తీసుకుంటానన్న హామీ ముందే ఉండాలన్నది మన దేశంలో షరతు. చాలా దేశాలు ఇప్పుడు ఈ దారికే వచ్చాయి. 2003లో ఆమోదించిన అంతర్జాతీయ ప్రవర్తనా నియమావళి ఇందుకు పునాది. వాడకం ఆగిన సోర్స్‌ల కోసమే దానికి అనుబంధంగా 2017లో ఇంకో మార్గదర్శకం వచ్చింది.

మా దగ్గర ఆగింది డబ్బు దగ్గర. కొత్త యంత్రం కొనడానికి బడ్జెట్ పద్దు ఉంది, పాత సోర్స్ పంపడానికి లేదు. ఫ్లాస్క్ (సోర్స్‌ను మోసుకెళ్ళే కవచపు పాత్ర) అద్దె, ఇంజినీర్ల రాక, క్రేన్, రవాణా అన్నీ కలిపితే చిన్న మొత్తం కాదు. "ఇది మనకు రూపాయి తెచ్చిపెట్టదు కదా" అని ఆర్థిక కమిటీలో ఒకరు నేరుగా అడిగారు. మాయాపురి ఫొటోలు తీసుకెళ్ళాల్సి వచ్చింది. సోర్స్ కొన్న రోజునే దాన్ని వెనక్కి పంపే ఖర్చు కూడా కట్టించుకుని పక్కన పెట్టాలని, అది లైసెన్సు షరతు కావాలని నేను గట్టిగా నమ్ముతాను. చివరి ఖర్చును ఎప్పుడో వచ్చే యాజమాన్యానికి వదిలేస్తే ఆ ఖర్చును వాయిదా వెయ్యడమే అందరికీ తేలిక.

సోర్స్ వాడకమే మానెయ్యమనే వాదన ఒకటుంది. బ్లడ్ ఇర్రేడియేటర్ల (రోగులకు ఎక్కించే రక్తానికి రేడియేషన్ పెట్టే యంత్రాలు) విషయంలో దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. వాటిలోని సీజియం క్లోరైడ్ పొడి తేలిగ్గా చెదిరిపోతుంది, ఎక్స్‌రే యంత్రాలు అదే పని చేస్తాయి. ఫ్రాన్స్, నార్వే వాటిని మార్చుకునే దారి పట్టాయి, అమెరికా ప్రభుత్వం మార్చుకునే ఆసుపత్రులకు డబ్బు సాయం చేస్తోంది. కానీ కోబాల్ట్ టెలిథెరపీ గురించి అంత సులువుగా చెప్పలేను. కరెంటు నిలకడగా లేని చోట, మరమ్మతు చేసేవాళ్ళు దూరంగా ఉన్న చోట అది ఎంతోమంది రోగులకు ఇప్పటికీ దిక్కు. యంత్రాన్ని తీసేసి రోగిని వదిలేస్తే దాన్ని భద్రత అనలేం.

రవాణా

2013 డిసెంబరు 2న మెక్సికోలో, టిహువానా ఆసుపత్రి నుంచి వ్యర్థాల కేంద్రానికి టెలిథెరపీ సోర్స్‌ను తీసుకెళ్తున్న ట్రక్కు ఒక పెట్రోల్ బంకు దగ్గర ఆగింది. డ్రైవరు విశ్రాంతి తీసుకుంటుండగా ఆయుధాలతో వచ్చినవాళ్ళు ట్రక్కును ఎత్తుకుపోయారు. రెండు రోజుల తర్వాత సోర్స్ దొరికింది, అప్పటికే కవచంలోంచి బయటికి తీసేసి ఉంది. దొంగలకు కావాల్సింది ట్రక్కు. ఆ సోర్స్ బలం 111 టెరాబెక్వెరెల్, నేను వచ్చేనాటికి మాది ఎంతో దాదాపు అంతే. ఆ అంకె నా డైరీలో రాసుకున్నాను.

అందుకే సోర్స్ గోడల మధ్య ఉన్నప్పటి కంటే రోడ్డెక్కినప్పుడు నాకు ఎక్కువ టెన్షన్. 2020 జనవరిలో ఆ రోజు వచ్చింది. తేదీ ఆసుపత్రిలో నలుగురికే తెలుసు. బ్రిట్ ఇంజినీర్లు సోర్స్‌ను హెడ్‌లోంచి ఫ్లాస్క్‌లోకి మార్చారు. ఆ ఫ్లాస్క్ టైప్-బి రకం, ఎత్తునుంచి పడినా మంటల్లో చిక్కుకున్నా చెక్కుచెదరకూడదని పరీక్షించి ఆమోదించినది. మారుస్తున్నప్పుడు గది బయట నా చేతిలో మీటర్ ముల్లు ఒక్కసారి లేచి, మళ్ళీ కిందికి దిగింది. లారీకి ఇద్దరు డ్రైవర్లు, ఎక్కడ ఆగాలో ముందే నిర్ణయం, మధ్యలో మరోచోట ఆగేది లేదు, వెంట పోలీసు వాహనం, క్యాబిన్‌లో అత్యవసర సూచనల కార్డు. చేరినట్టు రసీదు వచ్చేదాకా నేను ఇంటికి వెళ్ళలేదు.

పదిహేడో వరుస

మర్నాడు ఉదయమే కాంట్రాక్టరు లారీతో వచ్చాడు. "సోర్స్ పోయింది కదా సార్, ఇక ఇనుమే కదా." చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. కొన్ని టెలిథెరపీ హెడ్‌లలో కవచానికి సీసంతో పాటు క్షీణించిన యురేనియం వాడతారు, ఎందుకంటే అది సీసం కంటే చాలా సాంద్రమైనది. మా హెడ్‌లోనూ ఉందని తయారీదారు కాగితాల్లో ఉంది. సోర్స్ లేకపోయినా దాన్ని తుక్కుకి అమ్మడానికి వీల్లేదు. దానికి విడిగా అనుమతి, విడిగా ప్రయాణం కావాలి. తాళాలు మళ్ళీ వేశాం, సోమవారం కొలతలు మళ్ళీ మొదలయ్యాయి. అంతలో లాక్‌డౌన్ వచ్చింది. రోడ్లన్నీ ఖాళీ అయిపోయిన ఆ నెలల్లో కూడా రాత్రి కాపలాదారు ఆ తలుపు దగ్గర సంతకం పెట్టడం మానలేదు. హెడ్ సెప్టెంబరులో వెళ్ళింది.

ఈలోపు స్టోర్స్ రిజిస్టర్లో ఒక నిలువు గడి చేర్చాం: 'రేడియేషన్ ఉందా.' ఏ యంత్రాన్నయినా వేలం జాబితాలో వెయ్యాలంటే ఆర్‌ఎస్‌ఓ సంతకం తప్పనిసరి చేశాం. ఆర్‌ఎస్‌ఓ ఉద్యోగం మానితే సోర్స్‌లన్నీ కొలతలతో సహా అప్పగించి, తీసుకున్నవారి సంతకం తెస్తేనే రిలీవింగ్ ఉత్తరం. అప్పగించడానికి మనిషి ఇంకా రాకపోతే సూపరింటెండెంట్ గారే తీసుకోవాలి. ఈ మూడో దానికి అభ్యంతరాలు వచ్చాయి, ఆమె ఒప్పుకున్నారు.

గదిని తుడిచి చూసి కాలుష్యం లేదని తేల్చి, ఏఈఆర్‌బీకి రాసి, తలుపు మీది గుర్తు నేనే విప్పాను. తర్వాత స్టోర్స్‌కి వెళ్ళి ఆ గుమాస్తాను పాత జాబితా తీయమన్నాను. పదిహేడో వరుస మీద ఎర్ర ఇంకుతో గీత కొట్టి, పక్కన రెండు రసీదుల నంబర్లు, తేదీలు రాశాం. కింద అతను సంతకం పెట్టాడు, నేను పెట్టాను.